మైనపు దారం, మగ్గం పోగు

ఉప్పాడలో మా ఇంట్లో కూర్చుని వేలం కేటలాగు తిరగేస్తున్నాను. మీరా ముఖర్జీ (1923–1998) చేసిన చిన్న కంచు బొమ్మలు. ఎత్తు, సంవత్సరం, అంచనా ధర. అన్నీ ఉన్నాయి.

మ్యూనిక్‌లో చదువుకుని వచ్చిన మీరా, బస్తర్ లోహకారుల దగ్గర మళ్లీ శిష్యురాలయ్యారు. మట్టి బొమ్మ మీద మైనపు దారాలు అద్ది, మైనం కరిగిన చోట కంచు పోసే విద్య అది. ఆమె బొమ్మల్లో ఎక్కువమంది పనిచేసుకునే మనుషులే. వాళ్ల ఒంటి మీద ఆ దారాల గీతలు మిగిలే ఉంటాయి. మా జాందానీ బుటా కూడా అంతే, పోగు పక్కన పోగు.

2009లో జాందానీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరికి పేరొచ్చింది. ముప్పై ఏళ్లు కండెలు చుట్టిన మా అమ్మ పేరు ఏ చీర మీదా లేదు.

మీరా 1978లో లోహకారుల మీద పుస్తకమే రాశారు. వేలంలో పలికే పేరు మాత్రం ఒక్కటే. అది స్త్రీ పేరైనందుకు సంతోషమే. కానీ అక్కడితో ఆగిపోతే, ఆమె నేర్చుకున్నది మనం నేర్చుకోనట్టే.