చంపకమాలలో ఒదిగిన 20 అంకెలు

చదరంగం పలక మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టిస్తూ 64 గడులూ నింపితే మొత్తం గింజలు 18446744073709551615. ఈ సంఖ్యను మన పూర్వులు ఒక్క చంపకమాలలో నిలిపారు. ఆ పద్యం పావులూరి మల్లన పేరు మీద ప్రసిద్ధం. మహావీరాచార్యుడి 'గణిత సార సంగ్రహా'న్ని తెలుగు చేసిన కవి ఆయన.

పద్యంలో అంకెలుండవు, వాటికి బదులు మాటలుంటాయి. చంద్రుడు ఒకడే కనుక 1, వేదాలు 4, మన్మథుడి బాణాలు 5, కులపర్వతాలు 7, దిగ్గజాలు 8, ఆకాశం సున్న. దీన్నే భూతసంఖ్యా పద్ధతి అంటారు. ఒకట్ల స్థానంతో మొదలుపెట్టి ఎడమకు నడవాలి. అందుకే ఈ పద్యం బాణంతో మొదలై చంద్రుడితో లెక్క ముగిస్తుంది.

ఒక్కో అంకెకు ఎన్నో పర్యాయపదాలుండటం కవికి పెద్ద వెసులుబాటు. మొదటి పాదం 'శ'తో మొదలైంది. చంపకమాలలో యతి స్థానం 11వ అక్షరం, అది మొదటి అక్షరంతో కుదరాలి. సరిగ్గా అక్కడ 5 రావాలి. బాణమనే అర్థంలో అప్పటికే రెండుసార్లు వాడిన 'శర' అక్కడ మళ్లీ వేస్తే యతి కుదిరినా గణం చెడుతుంది. బాణానికే మరో పేరైన 'సాయక' అనేసరికి గణమూ యతీ రెండూ కుదిరాయి, విలువ మారలేదు. రాతలో ఒక అంకె తప్పితే కనిపెట్టడం కష్టం. పద్యంలో మాట తప్పితే చాలాసార్లు ఛందస్సే పట్టిస్తుంది.

లెక్క సరైనదేనా? 64 గడుల మొత్తం, 64 రెండ్లను గుణించిన లబ్ధం కంటే ఒకటి తక్కువ. ఆ లబ్ధం కోసం 2ను వర్గం చేస్తే 4, దాన్ని వర్గం చేస్తే 16, తర్వాత 256, 65536, 4294967296. మరొక్కసారి వర్గం చేసి 1 తీసేస్తే మన సంఖ్య వస్తుంది. అంకెల మొత్తం 87 కనుక 3తో భాగం పోతుంది, 9తో పోదు.

ఒక సంఖ్య వర్గంలోంచి 1 తీసేస్తే వచ్చేది, దానికి ముందు సంఖ్యనూ తర్వాతి సంఖ్యనూ గుణించిన లబ్ధమే. ఈ సూత్రాన్ని వరుసగా వాడితే మన సంఖ్య 3, 5, 17, 257, 65537, 4294967297ల లబ్ధంగా విడిపోతుంది. వీటిలో మొదటి అయిదూ ప్రధాన సంఖ్యలు. ఆరోదీ అంతేనని గణితవేత్త ఫెర్మా నమ్మాడు. కాదు, అది 641, 6700417ల లబ్ధమని 1732లో మరో గణితవేత్త ఆయిలర్ తేల్చాడు. కంప్యూటర్‌లో 64 బిట్లలో పట్టే అతిపెద్ద పూర్ణసంఖ్య కూడా మన చదరంగపు సంఖ్యే.

ఛందస్సూ గణితమూ ఒకదానికొకటి కాపుకాసిన సంప్రదాయం మనది. ఈ పద్యానికి బడిలో తెలుగు మాస్టారు ఒకరోజు గణ విభజన చేయించాలి, మర్నాడు లెక్కల మాస్టారు అందులోని సంఖ్యకు కారణాంకాలు తీయించాలి. పిల్లలకు రెండు పాఠాలూ కలకాలం గుర్తుండిపోతాయి.