పలనాటి జొన్నకూడు - శ్రీనాథుని నాలుక

శ్రీనాథునివని వాడుకలో ఉన్న పలనాటి చాటువులను మన సాహిత్య చరిత్రకారులు ఆయన చమత్కారానికి ఉదాహరణలుగా చూపి, తామూ ఓ నవ్వు నవ్వి సాగిపోతూ వచ్చారు. ఆస్థానాలలో సన్నన్నం తిన్న కవికి పలనాట ఎటుచూసినా జొన్నే ఎదురయింది, విసుక్కున్నాడు. అందులో ఉన్నది ఇంతేనా?

ఆ చాటువుల్లో ఒకటి చూడండి. పలనాట రాజు కూడా నాగలి పట్టక తప్పదట, అప్సరసకు కూడా వడకడం తప్పదట, మన్మథుడికి సైతం జొన్నలే గతి అట! ఎగతాళిగా అన్న మాటే కావచ్చు. కాని అందులోంచి తొంగిచూసేది కష్టపడనివాడికి చోటులేని మెట్టదేశం. అన్ని కులాలవారినీ ఒకే బంతిని కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి చాపకూడు కథ ఈ నేలదే. ఆ చాపమీద వడ్డించింది జొన్నకూడే అయి ఉంటుందని నా ఊహ. తరువాత బొడ్డుపల్లెలో భూమి గుత్తకు తీసుకొని, పైరు కృష్ణపాలై, ఏడువందల టంకాలు ఎలా చెల్లించాలో తెలియక విలపించిన కవి కూడా శ్రీనాథుడే అంటారు. ఆ పద్యాన్ని ఈ చాటువు పక్కన పెట్టి చదివిన విమర్శ అరుదు.

జొన్నను చిన్నచూపు చూసే ఆ నాలుక కవితోనే పోలేదు, ప్రభుత్వాల విధానంలోకీ వచ్చింది. 1956లో భారతదేశం అమెరికాతో పి.ఎల్.480 ఒప్పందం చేసుకుంది. 1966-67 కరవులో వచ్చిన నౌకల్లో గోధుమలతోపాటు మైలో అనే అమెరికా జొన్న కూడా ఉంది! వియత్నాం యుద్ధాన్ని మన ప్రభుత్వం విమర్శించడం గిట్టని అధ్యక్షుడు జాన్సన్ ఆ ధాన్యాన్ని కొద్దికొద్దిగా తూచి వదిలాడు. ఆ గింజ ప్రాణాలు నిలిపింది, నిజమే. దానికి తాడు కట్టి ఉన్న మాటా నిజమే.

1967లో సాగర్ నీళ్ళు వదిలారు. కుడికాలువతో వరి మా రొంపిచెర్ల వైపుకూ వచ్చింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. జొన్నసంకటి పేరెత్తితే మొహం చిట్లించే పెద్దవాళ్ళను నేనెరుగుదును, వాళ్ళను తప్పుపట్టలేను. వాళ్ళకు వరన్నమంటే రుచి ఒక్కటే కాదు, మర్యాద కూడా.

ఇప్పుడు గాలి మారింది. 1972లో పటాన్‌చెరులో వెలసిన ఇక్రిశాట్ మొదటినుంచీ జొన్నపై పరిశోధిస్తూనే ఉంది. మనదేశం ప్రతిపాదించగా ఐక్యరాజ్యసమితి 2021లో తీర్మానం చేసి, 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. సంతోషమే. అయితే అప్పుడు వెలువడ్డ చిరుధాన్యాల ప్రశంసల్లో నేను చదివినంత మేరకు జొన్న ఔషధమయింది, ఆరోగ్యమయింది. దాన్ని దంచిన చేతులు మాత్రం లేవు. శ్రీనాథుడు వెక్కిరిస్తూనైనా దున్నేవాణ్ణీ వడికేదాన్నీ పద్యంలోకి తెచ్చాడు. మన అభిమానులు పొగుడుతూ వాళ్ళను బయటికి నెట్టారు. 2013 ఆహారభద్రతా చట్టం రూపాయికి కిలో చిరుధాన్యమని రాసుకున్నా, మన చౌకడిపో సంచిలో పడుతూ వచ్చింది ప్రధానంగా బియ్యమే.

గుంటూరు ప్రాంతపు మాగాణుల్లో వరి కోసిన తరువాత వేసే సంకరజొన్న చాలావరకు కోళ్ళ దాణాకు పోతుంది. దీనిమీద ఒక్క చాటువైనా ఇంతవరకు నా కంటబడలేదు.