పిడి కింద దాగిన చరిత్ర

జపాన్ పాత కత్తులు కొని అమ్మేవారు అలుగు తళతళ చూసి ధర కట్టరు. ముందు పిడి ఊడదీస్తారు. పిడికి అడ్డంగా దిగిన వెదురు చీలను చిన్న సుత్తితో తట్టి తీసేస్తారు. కత్తిని నిలువుగా, కాస్త వాల్చి ఎడమ చేత్తో పిడి పట్టుకుని, ఆ మణికట్టు మీద కుడి పిడికిలితో మెల్లగా గుద్దుతారు. కాసేపటికి అలుగు వదులై పైకి వస్తుంది. రాగి పట్టీ కూడా జారదీస్తే అడుగున నల్లటి తోక కనబడుతుంది. దాన్ని నకాగో అంటారు. తరతరాలుగా ఎవరూ తోమని తుప్పు దాని మీద ఉంటుంది. కత్తి పుట్టుపూర్వోత్తరాలన్నీ అక్కడే దొరుకుతాయి.

ఆ తుప్పును చదవడం ఒక విద్య. పాతదైతే నల్లగా, నున్నగా, లోహంలో కలిసిపోయినట్టు ఉంటుంది. మందు పూసి తెప్పించిన కొత్త తుప్పు ఎర్రగా, పొడిపొడిగా రాలుతుంది. ఆకురాయి గీతలు అడ్డంగా ఉన్నాయా, ఏటవాలుగా ఉన్నాయా అన్నది కమ్మరి ఏ సంప్రదాయం వాడో చెబుతుంది. చీల కోసం ఒకటికి మించి బెజ్జాలున్నాయంటే కత్తికి పిడి మారి ఉండాలి, లేదా కత్తినే కురచ చేసి ఉండాలి. గుర్రం మీద వాడిన పొడవాటి కత్తులను తర్వాతి కాలంలో కింది నుంచి కోసి నడుముకు సరిపెట్టుకున్నారు. ఆ కోతలో ఎందరో కమ్మరుల సంతకాలు పోయాయి. అందుకే సంతకం లేనంత మాత్రాన కత్తి చిన్నది కాదు, ఉన్నంత మాత్రాన గొప్పదీ కాదు. పేరున్న కమ్మరుల దొంగ సంతకాలు చెక్కడం ఆ దేశంలో చాలా పాత వ్యాపారం. అనుభవజ్ఞులు ముందు ఉక్కును చూసి కమ్మరిని ఊహిస్తారు, ఆ తర్వాతే సంతకం చదువుతారు.

ఉక్కులో చూసేదేమిటి? ఇనుప ఇసుకను బొగ్గుతో కలిపి మట్టి కొలిమిలో మూడు రాత్రులు, మూడు పగళ్లు కాల్చి తీసిన తమహగానే అనే ఉక్కును పదే పదే మడిచి సాగగొడతారు. ఆ మడతలు అలుగు మీద చెక్క చారల్లాంటి సన్నని జాడ మిగులుస్తాయి. తర్వాత వీపు మీద మందంగా, అంచు మీద పలుచగా మట్టి పూసి, ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచుతారు. అంచు వెంటనే చల్లారి గట్టిపడుతుంది. వీపు నెమ్మదిగా చల్లారి, విరగకుండా వంగే గుణం నిలుపుకుంటుంది. కత్తికి వంపు పూర్తిగా దిగేదీ ఈ క్షణంలోనే. గట్టి అంచు, మెత్తని వీపు కలిసే చోట తెల్లని పొగమంచు గీత ఏర్పడుతుంది. హమోన్ అనే ఆ గీతను దీపం కింద అలుగు తిప్పుతూ చూస్తే లోపల సన్నని మెరుపు రేణువులు కనిపిస్తాయి. ఆసిడ్‌తో వేసిన నకిలీ గీతలో ఆ రేణువులు ఉండవు.

1876లో మెయిజీ ప్రభుత్వం కత్తులు ధరించి తిరగడాన్ని నిషేధించింది. చాలామంది కమ్మరులకు పని పోయింది. కత్తులు గుట్టలుగా పాశ్చాత్య దేశాల సంతలకు చేరాయి. 1945 తర్వాత ఆక్రమణ సైన్యాలు మరెన్నో లాక్కున్నాయి. అలా చెదిరిపోతున్న విద్యను నిలబెట్టడానికే 1948లో జపాన్ కళాఖడ్గ పరిరక్షణ సంఘం పుట్టింది. ఆ సంఘం పండితులు కత్తిని పరిశీలించి పత్రం ఇస్తారు. ఆ పత్రాలకు నాలుగు అంతస్తులు. ఈ పత్రం కత్తి ధరను ఎంతో మారుస్తుంది. యుద్ధకాలంలో కర్మాగారాల్లో చేసిన సైనిక కత్తికీ, చేత్తో చేసిన కత్తికీ పైకి తేడా తెలియకపోవచ్చు. తోక మీది ముద్ర, అలుగు మీది జాడ ఆ తేడా చెప్పేస్తాయి.

మన దగ్గర అలాంటి కత్తులు చూడాలంటే హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లాలి. మూడో సాలార్‌జంగ్ దేశదేశాల నుంచి సేకరించిన వస్తువులతో 1951లో తెరిచిన ఆ మ్యూజియంలో సమురాయ్ కత్తులున్నాయి. అయితే ఈ కథకు మనకు ఇంకా దగ్గరి బంధం ఉంది. తమిళనాడు తిరువళ్లూరు జిల్లాలో పులికాట్ ఉంది. 1613లో డచ్చివారు అక్కడ గెల్డ్రియా కోట కట్టారు. కోరమాండల్ తీరం నుంచి బట్టలతో పాటు ఇనుము, ఉక్కు కూడా, జపాన్‌తోనూ వ్యాపారం చేసిన వాళ్ల ఓడల్లో బటావియా (నేటి జకార్తా) వైపు వెళ్లేవి. ఆ రోజుల్లోనే జపాన్ పాలకుడు (షోగున్) తొకుగావా ఇయెయాసు కొలువులోని కమ్మరి యసుత్సుగు తన కత్తుల తోక మీద షోగున్ కుటుంబ చిహ్నం చెక్కి, విదేశీ ఇనుముతో చేశానని రాసుకున్నాడు. ఆ విదేశీ ఇనుములో భారత ఉక్కు కూడా ఉందన్నది పరిశోధకుల్లో చాలాకాలంగా ఉన్న మాట.

ఆ భారత ఉక్కుకు ప్రసిద్ధి చెందిన చోట్లలో తెలంగాణ ఒకటి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఊక కలిపిన మట్టి మూసల్లో ముడి ఇనుము వేసి, మూత బిగించి, గంటల తరబడి కాల్చి, నెమ్మదిగా చల్లార్చేవారు. కార్బన్ ఎక్కువగా ఉన్న ఆ దిమ్మలను జాగ్రత్తగా తక్కువ వేడి మీద సాగగొడితే నీటి అలల లాంటి జాడ వచ్చేది. 1820 ప్రాంతంలో అక్కడికి వెళ్లిన భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయ్‌సీకి ఉక్కు కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు కనిపించాడు. డమాస్కస్ పేరుతో లోకం మెచ్చుకున్న అలుగుల్లో మన మూసల ఉక్కు ఉంది. నా దృష్టిలో పనితనంలో మన కమ్మరి జపాన్ కమ్మరికి ఏమాత్రం తీసిపోడు. తేడా కాపాడుకోవడంలోనే. జపాన్ వాళ్లు తుప్పును కాపాడుకున్నారు, తోక మీద కాగితం పెట్టి అచ్చులు తీసి పుస్తకాలు వేశారు. మనం తోమేశాం, కొలిమికి పంపాం. తంజావూరు ఆయుధాగారాన్ని పంచేసినప్పుడు ఎన్నో ఆయుధాలు పాత ఇనుము లెక్కన పోయాయి. మిగిలిన వాటిలో మంచివి మద్రాసు మ్యూజియానికి చేరడం మన అదృష్టం.

చట్టం తెలియకుండా పాత కత్తుల వ్యాపారంలో దిగొద్దు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళావస్తువుల వ్యాపారానికి లైసెన్సు ఉండాలి. ప్రైవేటు వ్యక్తులు వాటిని విదేశాలకు పంపడం నేరం. కత్తులు ఆయుధాల చట్టం పరిధిలోకి కూడా వస్తాయి కాబట్టి కొనేముందు స్థానిక పోలీసులను అడిగి తెలుసుకోవాలి.

మీ ఇంట్లో తాతల నాటి కత్తి ఉంటే దసరా ఆయుధ పూజకు ఇటుక పొడితో, గరుకు కాగితంతో రుద్దకండి. పలుచగా నూనె రాసి, పొడిగా ఉండే చోట పెట్టండి. అలుగును, పిడి మొదలును దగ్గరగా ఫొటో తీయండి. ఎవరిది, ఎక్కడి నుంచి వచ్చిందని ఇంట్లో పెద్దలు చెప్పింది ఒక కాగితం మీద రాసి ఉంచండి. అమ్మకానికి పెట్టే ముందు ఒక్కసారి మ్యూజియం వాళ్లకు చూపించండి.