ఎర్న్ సరస్సు రాతిముఖాలు

ఉత్తర ఐర్లండ్‌లోని ఫెర్మానా కౌంటీకి సముద్రతీరం లేదు. ఆ లోటు తెలియనివ్వకుండా ఎర్న్ సరస్సు ఈ కొస నుంచి ఆ కొసదాకా పరుచుకుంది. ఎగువన ఒక సరస్సు, దిగువన మరొకటి, రెంటి నడుమ దీవి మీద ఎన్నిస్కిల్లెన్ పట్నం. మంచుయుగంలో హిమానీనదాలు వదిలిపోయిన మట్టిగుట్టలు ఎగువ సరస్సులో సగం మునిగి, చెరువులో ఒళ్ళు నానబెట్టుకున్న గేదెల వీపుల్లా కనిపిస్తాయి. ఎంత హాయైన దృశ్యమో! దిగువ సరస్సు తీరు వేరు. అది విశాలం, గాలి లేస్తే కెరటాలమయం.

17వ శతాబ్దిలో ఇంగ్లండ్, స్కాట్లండ్‌ల నుంచి వచ్చినవాళ్ళకు భూములు పంచిపెట్టేదాకా ఇక్కడ మగ్వైర్ వంశానిదే ఏలుబడి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1941 మే 26న జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్ జాడ పట్టిన కెటలీనా విమానం ఈ నీళ్ళ మీంచే లేచింది. ఇవన్నీ ఉన్నా నా మనసు ఈ సరస్సు దీవుల్లోని చెక్కిన రాళ్ళ దగ్గరే ఆగిపోతుంది.

బో దీవిలో, కాల్డ్రా శ్మశానంలో, గజం ఎత్తైనా లేని ఒక రాయి. అందులో వీపుకు వీపు ఆనించిన రెండు రూపాలు. పెద్ద పెద్ద కళ్ళు, కోసుగా దిగిన గడ్డం, రొమ్ము మీద అడ్డంగా చేతులు. తలల నడుమ చిన్న గుంట. వాన కురిస్తే అందులో నీళ్ళు నిలుస్తాయి. ఏ దేవుడో, ఏ కాలమో పండితులు తేల్చలేదు. తేల్చకపోతేనేం, ఆ చూపు పదును తగ్గుతుందా? శిల్పి ఒంటిని దాదాపు వదిలేసి తన శక్తినంతా కళ్ళలో పోశాడు.

వైట్ దీవిలో పాడుబడిన చర్చి గోడకు ఎనిమిది శిల్పాలున్నాయి. తర్వాతి కాలపు మేస్త్రీలు వీటిని మామూలు రాళ్ళలా కట్టుబడికి వాడేశారు. వాటిలో ఒకదాని పని సగంలో ఆగిపోయింది. రాతిలోంచి మనిషి బయటికి రాబోతూ నిలిచిపోయిన ఆ రూపం ముందు పూర్తయినవి కూడా వెలవెలబోతాయంటాను.

ఇక డెవెనిష్ దీవి. 6వ శతాబ్దిలో మొలాష్ అనే సాధువు మఠం కట్టిన చోటు. అక్కడి 12వ శతాబ్ది గుండ్రటి గోపురానికి, కప్పు కింద, నాలుగు దిక్కులకూ నాలుగు ముఖాలు చెక్కారు. నేల మీద నిలబడితే అవి సరిగా ఆనవు. చూసేవాడి కంటికి అందదని శిల్పి ఉలి వేగం పెంచలేదు, పని తేలిక చేసుకోలేదు. ఆ నిష్ఠకే నేను తలవంచుతాను.