వీపు వెనక చెయ్యి

అరకు లోయలో గిరిజనుల ధింసా నాట్యం చూసేటప్పుడు కళ్లు ముందు పాదాల మీదికీ, అందెల మీదికీ పోతాయి. నేనైతే చేతులు చూడమంటాను. ఒకరి చెయ్యి పక్కవాళ్ల వీపు వెనకగా పోయి గట్టిగా పట్టుకుంటుంది. ఎవరి అడుగు తడబడినా ముందు తెలిసేది చూసేవాళ్లకు కాదు, పక్క మనిషి భుజానికి. ఈ నాట్యం పనితనమంతా ఆ పట్టులోనే ఉంది.

గ్రామదేవత కోసం ఆడే బొడ ధింసాలో కుడివైపు మగవాళ్లు, ఎడమవైపు ఆడవాళ్లు. డప్పు, తుడుము, మోరి, కిరిడి, జోడుకొమ్ములు మోగుతుంటే, కుడి వరస మొదట్లో ఉన్నవాడు చేతిలో నెమలి ఈకల కట్టతో అడుగేస్తాడు. ఎడమ వరస కొసనున్న మనిషి వచ్చి అతనితో కలుస్తుంది. రెండు వరసలూ ఒక్క పామై మెలికలు తిరిగి, కేకలు వేస్తూ, మళ్లీ ఎక్కడివాళ్లక్కడికి చేరతాయి.

ఆ ఈకలు చూస్తే నాకు చైనా తత్వవేత్త కన్ఫ్యూషియస్ గుర్తొస్తాడు. నవ్వుకుంటే నవ్వుకోండి. ఆయన గుళ్లలో జరిగే ఆరాధనలో ఈనాటికీ వరసలు కట్టి, పొడవాటి పక్షి ఈకలు పట్టుకుని నాట్యం చేస్తారు. క్రీ.పూ. 551లో పుట్టిన ఆ గురువు మర్యాదనూ సంగీతాన్నీ విడదీయలేదు. మంచి నడత చెవిన పడితే చాలదు, ఒంటికి పట్టాలన్నది ఆయన పట్టుదల. అయితే లూ రాజ్యంలో జీ వంశంవాళ్లు తమ ముంగిట్లో ఎనిమిది వరసల నాట్యం ఆడించారని మండిపడ్డదీ ఆయనే. ఎనిమిదేసి మందితో ఎనిమిది వరసలు, 64 మంది, చక్రవర్తికే చెల్లుతుందట!

ఆయన మాట ఈ కాలంలో నడిచేదా, ఉత్త ఆదర్శమా అని అడిగితే, హోదాను బట్టి వరసలు లెక్కపెట్టిన కన్ఫ్యూషియస్‌ను నేను పక్కన పెడతాను. ఒంటికి పట్టాలన్న కన్ఫ్యూషియస్‌ను మాత్రం వదులుకోలేను. ఆయన పేరు వినకుండానే ఈ కొండలు ఆ పని చేస్తున్నాయి.

ధింసాలో ఇంకా రకాలున్నాయి. పొతర్ తోలలో ఆకు కోత ఆటవుతుంది: వెనక వరసవాళ్లు ముందు వరస భుజాల మీద చేతులు వేసి, తలలు కుడికీ ఎడమకీ తిప్పుతూ ముందుకీ వెనక్కీ నడుస్తారు. గొడ్డి బేటలో వంగుతూ, ఒక్క కుదుపుతో లేస్తూ పాతిక అడుగులు పోయి వెనక్కొస్తారు. అలా నాలుగైదు సార్లు. భాగ్ ధింసాలో పులి భయం: సగం మంది చేతులు పట్టుకుని మునివేళ్ల మీద వలయం కడితే, మిగతావాళ్లు చప్పున లోపలికి దూరి పాముచుట్టలా చుట్టుకుంటారు. నాటికారి ఒక్కటే ఒంటరి ఆట. ఇంత కట్టుబాటులోనూ ఒక్కడికి చోటుంచారు, అది నాకు మరీ ఇష్టం.

రిసార్టుల్లో మంట చుట్టూ పర్యాటకుల కోసం ఆడేటప్పుడు ఇదంతా కుదించుకుపోతుంది. అయినా చివర్లో ఎవరో ఒక పట్నం మనిషిని వరసలోకి లాగుతారు. అతని అడుగు ఎటో పోతుంది. రెండు వైపుల నుంచీ వీపు మీదికి వచ్చిన చేతులు అతన్ని తాళంలోకి తోసుకుంటూ తీసుకుపోతాయి.