కొండవాలులో కాంతి పాఠాలు

1960లో మైమన్ కెంపు కడ్డీ నుంచి తొలి లేజర్ కాంతిని రాబట్టినప్పుడు, అది ఎలా పుడుతుందో చెప్పగలిగినవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ కాంతికీ మామూలు దీపపు కాంతికీ అసలు తేడా ఏమిటని అడిగితే మాత్రం జవాబు తడబడేది. లేజర్ రంగు శుద్ధంగా ఉంటుంది, కిరణం చెదిరిపోదు, సరే. దీపపు కాంతిని కూడా ఫిల్టర్ల గుండా, సన్నని రంధ్రాల గుండా పంపి అంత శుద్ధంగానూ తయారుచేశామనుకోండి. అప్పుడు రెండూ ఒకటేనా?

1964 వేసవిలో రాయ్ గ్లౌబర్ ఈ ప్రశ్నను బోర్డు దగ్గర మొదటినుంచీ విప్పుకుంటూ వచ్చారు. ఆ బోర్డు ఆయన పనిచేసే హార్వర్డ్‌లోది కాదు. ఫ్రాన్స్‌లో, మౌంట్ బ్లాంక్ శిఖరం కింద, షామొనీ లోయలో ఉన్న లే జూష్ అనే పల్లెలోది. అక్కడి భౌతికశాస్త్ర వేసవి పాఠశాల ఆ ఏడాది క్వాంటం ఆప్టిక్స్‌ను పాఠ్యాంశంగా పెట్టుకుంది. లేజర్ పుట్టి నాలుగేళ్లే అయింది, పాఠ్యపుస్తకమన్నది ఇంకా లేదు.

గ్లౌబర్ మాటల్లో బరువెంతో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1956లో హాన్‌బరీ బ్రౌన్, ట్విస్ అనే ఇద్దరు పాదరసపు దీపం కాంతిని రెండు పాయలుగా చీల్చి, ఒక్కో పాయకు ఒక్కో డిటెక్టర్ పెట్టారు. ఒకదాంట్లో సంకేతం పెరిగిన క్షణంలోనే రెండోదాంట్లోనూ పెరిగే మొగ్గు కనిపించింది. ఫోటాన్లు అనే కాంతి కణాలు విడివిడిగా కాక గుంపులు కట్టి వస్తున్నట్టు లెక్క. ఇది అసాధ్యమని వాదించిన పెద్దలు ఆ రోజుల్లో తక్కువమందేమీ కాదు. గ్లౌబర్ చెప్పింది ఇదీ: దీపపు కాంతిలో ఫోటాన్లు అలా గుంపు కడతాయి, నిలకడగా నడుస్తున్న లేజర్ కాంతిలో ఒకదాని రాకకూ మరోదాని రాకకూ సంబంధం ఉండదు. రంగూ ప్రకాశమూ అచ్చం ఒకేలా ఉన్నా, వచ్చిన ఫోటాన్లను జతలుగా లెక్కపెడితే గుట్టు బయటపడుతుంది. ఒక్క డిటెక్టరు చూపే సగటును నమ్ముకుంటే ఈ తేడా ఎన్నటికీ పట్టుబడదు.

1963లో ఆయన దీన్నే పరిశోధన పత్రికల్లో రాశారు. పత్రికలో వచ్చేది విషయం తెలిసినవాడు తెలిసినవాడికి రాసే ఉత్తరం, మధ్య మెట్లు ఎగిరిపోతాయి. లే జూష్ పాఠాలు అచ్చయినప్పుడు ఒక్క గ్లౌబర్ భాగమే వంద పేజీలు దాటింది. ఒక్కో మెట్టూ అందులో ఉంది. ఈ పనికే 2005లో ఆయనకు నోబెల్ వచ్చింది. మన దేశపు పాఠకుడికి ఇక్కడ కేరళలో పుట్టిన సుదర్శన్ పేరు గుర్తుకు రాకమానదు. అదే గణితానికి మరో కీలక రూపం 1963లోనే ఇచ్చిన మనిషి ఆయన. ఆ బహుమతిలో తనకు వాటా దక్కకపోవడం మీద బాహాటంగానే అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరంలో న్యాయముందని నేననుకుంటాను.

లే జూష్ పాఠశాలను 1951లో మొదలుపెట్టింది సెసీల్ మోరెట్, అప్పటికి ఆమె వయసు 28. 1944 జూన్‌లో మిత్రదేశాల సేనలు నార్మండీలో దిగిన రోజున కాఁ నగరం మీద పడిన బాంబులకు ఆమె తల్లి, సోదరి, బామ్మ చనిపోయారు. యుద్ధం ముగిశాక చూస్తే ఫ్రాన్స్ విశ్వవిద్యాలయాల్లో క్వాంటం యాంత్రికశాస్త్రాన్ని సరిగా చెప్పేవాళ్లే కరువు. ఇంతలో అమెరికన్ భౌతికశాస్త్రవేత్త బ్రైస్ డెవిట్‌తో పెళ్లి కుదిరింది. దేశం విడిచి వెళ్లేముందు దేశానికి ఏదో ఒకటి చేసి వెళ్లాలన్న పట్టుదలతో, అధికారుల వెంటపడి, కొండవాలులోని చెక్క ఇళ్లలో ఆమె ఈ బడి పెట్టించారు. తొలి ఏళ్లలోనే పౌలీ, ఫెర్మీ వంటివాళ్లు వచ్చి పాఠం చెప్పారు.

పాఠం చెప్పే పద్ధతి మొదటినుంచీ కఠినమే. అప్పట్లో దాదాపు రెండు నెలలు, రోజుకు ఆరు గంటల దాకా తరగతులు ఉండేవి. సమావేశాల్లో ఇరవై నిమిషాల్లో ఫలితం చూపించి దిగిపోవచ్చు. ఇక్కడ ఒకే మనిషి ఒకే విషయాన్ని రోజుల తరబడి చెప్పాలి, సుద్దముక్కతో రాయాలి. చేత్తో రాసే వేగం వినేవాడి బుర్ర వేగానికి దగ్గరగా ఉంటుంది, అదే దాని సుగుణం. స్లైడ్లలో సమీకరణాలు వరదలా వచ్చి పోతుంటాయి. వాటిని చూసి తలూపడం నేర్చినవాళ్లకు మైనస్ గుర్తు ఎక్కడ పోయిందో పట్టుకోవడం రాదు. పాఠం చెప్పినవాళ్లు దాన్ని రాతలో కూడా ఇవ్వాలి. ఆ సంపుటాలే తర్వాతి తరానికి పాఠ్యపుస్తకాలయ్యాయి. వీటన్నిటికీ తోడు, చెప్పేవాళ్లూ వినేవాళ్లూ ఒకే చోట తిని, ఒకే కొండ ఎక్కుతారు. తరగతిలో అడగడానికి మొహమాటపడిన ప్రశ్న భోజనాల దగ్గర బయటికొస్తుంది.

భౌతికశాస్త్రవేత్త క్లోడ్ కోఎన్ తానూజీ 1955లో విద్యార్థిగా అక్కడ రెండు నెలలున్నారు. 1964 పాఠాల సంపుటానికి సంపాదకుల్లో ఒకరయ్యారు. 1990లో లేజర్ కాంతిలో పరమాణువుల కదలిక మీద సుదీర్ఘమైన పాఠమే చెప్పారు. 1997లో నోబెల్ అందుకున్నారు. ఒక మనిషి శాస్త్ర జీవితంలో ఇంతకాలం ఇలా అల్లుకుపోయిన బడి భౌతికశాస్త్రంలో అరుదు.

ఇంతకీ ఆ బడిలో నేర్పే లేజర్ స్పెక్ట్రోస్కోపీలో, అంటే పరమాణువులు ఏ పౌనఃపున్యపు కాంతిని మింగుతాయో లేజర్‌తో కొలిచే విద్యలో, పనితనం ఎలా ఉంటుంది? ఒక ప్రయోగాన్ని దగ్గరగా చూద్దాం. బొటనవేలంత గాజు గొట్టం, అందులో కాస్త రుబీడియం ఆవిరి. 780 నానోమీటర్ల లేజర్. ఆ ఎరుపు కంటికి ఆనీ ఆనకుండా ఉంటుంది, కిరణం ఎక్కడ పడుతోందో ప్రత్యేకమైన కార్డు అడ్డం పెట్టి చూసుకోవాలి. లేజర్ పౌనఃపున్యాన్ని మెల్లగా మారుస్తూ, గొట్టం దాటి వచ్చిన కాంతిని కొలిస్తే ఆసిలోస్కోపు మీద వెడల్పాటి గుంట కనిపిస్తుంది. పరమాణువు అసలు రేఖ వెడల్పు 6 మెగాహెర్ట్జ్. తెర మీద గుంట వెడల్పేమో దాదాపు 500. తప్పు పరమాణువుది కాదు, దాని పరుగుది. గది వేడికే అవి సెకనుకు వందల మీటర్ల వేగంతో అటూ ఇటూ పోతుంటాయి. ఎదురొచ్చేవాటికి కాంతి పౌనఃపున్యం కాస్త పెరిగినట్టు, పారిపోయేవాటికి తగ్గినట్టు అనిపిస్తుంది. రైలు కూత దగ్గరకొస్తుంటే హెచ్చి, దాటిపోతుంటే తగ్గినట్టే.

ఇప్పుడు అదే లేజర్ నుంచి బలమైన కిరణాన్ని ఒక వైపు నుంచి, బలహీనమైన కిరణాన్ని ఎదురు వైపు నుంచి పంపుతారు. పరుగులో ఉన్న పరమాణువులకు రెండు కిరణాలూ రెండు వేర్వేరు పౌనఃపున్యాలు. కిరణాల దారి వెంట కదలిక లేనివి మాత్రమే రెంటినీ ఒక్కటిగా చూస్తాయి. బలమైన కిరణం వాటిని ముందే ఉత్తేజపరిచేస్తుంది కాబట్టి బలహీన కిరణాన్ని మింగే ఓపిక వాటికి మిగలదు, అది నేరుగా దాటిపోతుంది. వెడల్పు గుంట నడిమధ్య సన్నని ముల్లు లేస్తుంది. పరమాణువుల్ని ఆపకుండానే, ఆగి ఉన్నవాటిని ఏరుకున్నామన్నమాట.

ముళ్లు లెక్కపెట్టిన విద్యార్థి ఇక్కడ తికమకపడతాడు. ఆ ఒక్క గుంటలో మూడు రేఖలున్నాయని సిద్ధాంతం అంటుంది, తెర మీద ఆరు ముళ్లు కనిపిస్తాయి. అదనపు మూడూ సరిగ్గా రెండేసి అసలు రేఖల నడుమ ఉంటాయి, పైగా తరచు అసలువాటికంటే ఎత్తుగా ఉంటాయి. ఒక వేగంతో పోయే పరమాణువులకు ముందు కిరణం ఒక రేఖగా, వెనక కిరణం ఇంకో రేఖగా సరిపోవడం వల్ల వచ్చే దొంగ రేఖలవి. పరమాణువులో ఆ చోట ఏ రేఖా లేదు. దీన్ని ఎవరో చెప్పేకంటే, బోర్డు మీద రెండు బాణాలు గీసుకుని విద్యార్థే తేల్చుకోవాలి. ఈ శాస్త్రంలో సగం చదువు అలాంటి తేల్చుకోవడమే.

ఈ ఎత్తుగడకు మూలమైన ఇంకో సన్నని గుంటను లేజర్ సిద్ధాంతంలో మొదట ఊహించింది విల్లిస్ లాంబ్. 1964లో గ్లౌబర్‌తోపాటు ఆ బోర్డు ముందు నిలబడి లేజర్ సిద్ధాంతం చెప్పింది ఆయనే. రంగు మార్చుకోగల లేజర్లు వచ్చాక, 1970ల్లో హాన్ష్, షాలో అనే భౌతికశాస్త్రవేత్తలు దీన్ని హైడ్రోజన్ రేఖలను విడదీసే పనిముట్టుగా మలిచారు.

లే జూష్‌కు ఇటలీలో జోడు ఉంది. కోమో సరస్సు ఒడ్డున వరెన్నా ఊళ్లోని పాత విల్లా అది. 1954లో, తన చివరి వేసవిలో, ఫెర్మీ అక్కడా పాఠం చెప్పారు. తర్వాత బడికి ఆయన పేరే పెట్టారు. 1963లో భౌతికశాస్త్రవేత్త టౌన్స్ నడిపిన కోర్సు లేజర్ల మీదే. 1991లో విలియం ఫిలిప్స్ తదితరులు నడిపినది లేజర్‌తో పరమాణువులను అదుపు చేయడం మీద. అప్పటికి ఆ రంగంలో పెద్ద దుమారం రేగి మూడేళ్లు. లేజర్‌తో సోడియం పరమాణువులను 240 మైక్రోకెల్విన్ల కంటే చల్లబరచలేమని సిద్ధాంతం గీసిన గీతను, 1988లో ఫిలిప్స్ బృందపు కొలతలు దాటేశాయి. తేలింది 40 దరిదాపుల్లో. సిద్ధాంతమే చాలలేదని, పరమాణువు లోపలి ఉపస్థాయిలను లెక్కలోకి తీసుకోలేదని దలిబార్, కోఎన్ తానూజీ ఒకవైపు, స్టీవెన్ చూ బృందం మరోవైపు తేల్చారు. ఇంకా ఆరని విషయాన్ని ఆ పని చేసినవాళ్ల నోటే వినడం ఇలాంటి బడుల్లో దొరికే అసలు లాభం. పాఠ్యపుస్తకంలోకి ఎక్కేసరికి సందేహాలన్నీ తుడిచేసి ఉంటాయి.

మనకు ఈ శాస్త్రం పరాయిది కాదు. వాల్తేరులో రంగధామరావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో స్పెక్ట్రోస్కోపీ ప్రయోగశాలను నిలబెట్టారు. అక్కడే సూరి భగవంతం గారు కాంతి పరిక్షేపణం, రామన్ ప్రభావం మీద రాసిన గ్రంథాన్ని 1940లో విశ్వవిద్యాలయం అచ్చువేసింది. పాదరసపు దీపాల ముందు గంటల తరబడి ఫొటో ప్లేటు పెట్టుకుని కూర్చుంటే తప్ప రామన్ రేఖ కనిపించని రోజులవి. ఆ నిరీక్షణను లేజర్ నిమిషాలకు దించింది. తర్వాతి కాలంలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో గిరీశ్ అగర్వాల్ క్వాంటం ఆప్టిక్స్‌లో దేశానికే పేరు తెచ్చారు.

లే జూష్, వరెన్నా లాంటి చోట్లకు మన పిల్లలు వెళ్లడం తేలిక కాదు. సీట్లు పదుల్లోనే, వీసా తంటా వేరు, విమాన ఖర్చు పరిశోధక వేతనానికి మించిన భారం. భౌతికశాస్త్రవేత్త అబ్దుస్ సలాం 1964లో ఇటలీలోని ట్రియెస్ట్‌లో భౌతికశాస్త్ర కేంద్రం పెట్టింది వర్ధమాన దేశాలవాళ్ల ఈ కష్టం చూసే. అక్కడ ఆప్టిక్స్ శీతాకాల పాఠశాల ఫిబ్రవరి చలిలో జరుగుతుంది, ఎంపికైనవాళ్లలో కొందరికి ఖర్చు కేంద్రమే భరిస్తుంది. ఎమ్మెస్సీ ముగించి పీహెచ్‌డీలో చేరిన విద్యార్థి ముందుగా దానికి దరఖాస్తు పెట్టుకోవడం మేలు. గైడు సిఫార్సు ఉత్తరంతోపాటు తన పని గురించి తన మాటల్లో ఒక పేజీ రాసుకోవాలి. ఆ పేజీలో తనకు అర్థం కాని విషయం ఒకటి నిజాయితీగా రాయమని నేనైతే చెబుతాను. గ్లౌబర్ పాఠాల సంపుటం మాత్రం విశ్వవిద్యాలయ లైబ్రరీల్లో వెతికితే దొరక్కపోదు, దానికి వీసా అక్కర్లేదు. మొదటి ఇరవై పేజీలకు నెల పట్టినా కంగారుపడనక్కర్లేదు.