సెల్‌ఫోను – మన కథకుల దృష్టి

సెల్‌ఫోను మనుషుల మధ్య గోడ కట్టిందని వాపోయే కథలూ, కవితలూ ఇటీవల కొల్లలుగా వస్తున్నాయి. వీటిలో ఊరి అరుగు స్వర్గం, ఫోను రాక్షసి. ఆ అరుగుమీద ఏ కులంవారికి చోటుండేదో, గుమ్మం లోపలే ఎవరు నిలబడిపోయేవారో ఈ రచయితలు అడగరు. దీనిని సమాజ విమర్శ అనలేము. గతంపట్ల వ్యామోహం అనవలసి వస్తుంది.

గురజాడ 1910లో ప్రకటించిన ‘దిద్దుబాటు’ను ఈ సందర్భంలో మళ్లీ చదవాలి. చదువుకున్న భార్య చేతి ఉత్తరం అప్పటి ఇళ్లలో అరుదైన వస్తువు. సానిపాటకు పోయి ఆలస్యంగా ఇల్లు చేరిన గోపాలరావుకు కమలిని కనపడదు. పుట్టింటికి పోతున్నానన్న ఆమె ఉత్తరం కనపడుతుంది. ఆమె మంచం కిందనే వుంది. ఎదురుగా వుండి చెప్పలేని మాటను ఆ కాగితం చెప్పగలిగింది. చదువువల్ల సంసారాలు చెడిపోతున్నాయని గురజాడ వాపోలేదు. కలం ఎవరి చేతికి వచ్చిందో, దానితో ఇంటిలో ఏది మారిందో చూపించాడు.

ఆ ప్రశ్ననే ఫోను విషయంలోనూ వేయాలి. 2020లో కళాశాలలు మూతపడి పాఠాలు ఫోనులోకి వచ్చినప్పుడు, నా తరగతిలో ఒక విద్యార్థిని వారాల తరబడి కనపడలేదు. శ్రద్ధ లేదనుకొని గైరుహాజరు వేశాను. ఇంట్లో వున్నది ఒకటే ఫోను అనీ, అది అన్న చేతిలో వుండేదనీ ఆమె తర్వాత చెప్పింది. ఈ తప్పును యంత్రంమీదికి నెట్టలేను. ఆ ఇంటి అధికారానికి అందులో భాగం వుంది. అడగకుండానే తీర్పు చెప్పిన నాకూ వుంది.

ఇంటి పెత్తనానికి పైన ఇంకొక పెత్తనం వుంది. వాట్సాప్‌ను ఫేస్‌బుక్ సంస్థ 2014లో కొన్నది. సందేశం చదివినట్టు తెలిపే నీలి గుర్తులు ఆ యేడు నవంబరులో వచ్చాయి. అంతకు ముందు ఆలస్యమైన జవాబుకు వంద కారణాలు వూహించుకొనే వీలుండేది. ఆ తర్వాత ఆలస్యం అలక్ష్యమైంది, అనుమానమైంది. గుర్తులను ఆపుకొనే వీలు కల్పించినా, ఆపినవారిమీదనే అనుమానం. స్నేహితుల మధ్య, దంపతుల మధ్య మౌనానికి అర్థం మార్చిన ఈ నిర్ణయంలో వారి ప్రమేయం ఏమీ లేదు. లాభంకోసం నడిచే సంస్థ మన సంబంధాలకు నియమాలు రాస్తున్నది.

అట్లాగని ఫోనును పారవేయమనే నీతికథ ఆ విద్యార్థినికి ఎందుకు పనికివస్తుంది? ఆమెకు కావలసింది తనదైన ఫోను. మన కథకులు యంత్రాన్ని తిట్టటం మాని, అది ఎవరి చేతిలో వుందో, దాని నియమాలు ఎవరు రాస్తున్నారో చూపించాలి. అప్పుడే ఈ కథలు కన్నీటి దగ్గర ఆగిపోక, పాఠకుణ్ణి ఆలోచింపజేస్తాయి.